గాలి చూసే ఆయప్ప

ఆయన పోయిన సంగతి నాకు చెప్పింది ఒక ట్యాంకరు డ్రైవరు. గేటు దగ్గర నా కిటికీలోంచి అగ్గిపెట్టె, బీడీకట్ట, ఫోను ఒక్కొక్కటే లోపలికి తోస్తూ, "ఈ గూళ్లు పెట్టించిన ఆయప్ప పోయినాడంట కదమ్మా, బాగేపల్లిలో. నెల అయిందంట" అన్నాడు. అగ్గిపెట్టె పట్టుకున్న చేయి కాసేపు అలాగే ఉండిపోయింది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. వాణ్ణి నాలుగు తిట్టి, సామాను గూట్లో పెట్టి, నంబరు బిళ్ల ఇచ్చి పంపాను. సాయంత్రం చూసుకుంటే ఆ లారీ నంబరు రిజిస్టరులో తప్పు రాసి ఉంది. నేను ఏమైనా అనిపించుకుంటాను గానీ, నంబరు తప్పు రాసిందని మాత్రం ఎవరిచేతా అనిపించుకోలేదు.

చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి పోయే హైవేకి కాస్త లోపలగా ఉంది మా డిపో. ప్రైవేటు వాళ్లది. పెట్రోలు, డీజిలు నింపిన పెద్ద పెద్ద ట్యాంకులు, చుట్టూ గోడ, ఒకటే గేటు. ఆ గేటు క్లర్కును నేను. పుట్టిల్లు చింతామణి, మెట్టినిల్లు ఆ గోడ అవతలి పల్లె. ఆ పోయినాయన మా డిపోలో ఫైర్ సేఫ్టీ సూపర్వైజరు. పేరు రాయను. రాసినా మా ఊళ్లో ఎవరికీ తెలియదు; ఆయనను ఆయప్ప అనడం మా వైపు మాట, గాలాయప్ప అంటేనే తెలుస్తుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరైనా ఎదురైతే లోకమంతా తిన్నావా అని అడుగుతుంది కదా, ఆయన "గాలి ఎటుండాది?" అని అడిగేవాడు. జవాబు చెప్పకుండా గేటు దాటడానికి లేదు. మేనేజరుకూ అదే, వాకిలి ఊడ్చే ఆమెకూ అదే. చేతిలో ఎప్పుడూ మూరెడు వేపపుల్ల, దాని కొసకు ఎర్ర జాకెట్టు గుడ్డ పేలిక. ట్యాంకు మీద గాలి చూపించే పెద్ద సంచి ఎగురుతూనే ఉంటుంది. "అంత పెద్దది పైన ఉంటే ఈ పేలిక ఎందుకప్పా?" అని మొదట్లో ఎగతాళి చేశాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని పేలికను నేలకు జానెడు ఎత్తులో పట్టి చూపించాడు. పైన సంచి తూర్పుకు ఊగుతోంది, కింద పేలిక ఉత్తరానికి ఊగుతోంది.

"పెట్రోలు ఆవిరి పొగ మాదిరి పైకి పోదమ్మా. నేల మింద పాకుతాది. పల్లం సూసుకోని పోతాది, నీళ్ల మాదిరి. ఆ సంచి ఆకాశం సంగతి చెప్తాది. మన సంగతి ఈ పేలిక చెప్తాది" అన్నాడు.

వాసన విషయంలో ఆయన చాదస్తం ఇంకా ఎక్కువ. నేను ఉద్యోగంలో చేరిన వారంలోనే మూరెడు మల్లెపూలు పెట్టుకుని వెళ్తే, రేపటి నుంచి కనకాంబరాలు పెట్టుకోమన్నాడు. నాకు ఒళ్లు మండింది. నా తలలో ఏ పూలు పెట్టుకోవాలో చెప్పడానికి నువ్వెవరు అన్నట్టే చూశాను. గేటులో కూర్చున్న మనిషికి ముక్కే మొదటి మీటరు, దానికి మల్లెలు అడ్డం వస్తాయి, కనకాంబరానికి వాసన లేదు, అదీ ఆయన లెక్క. ఇంకో మాట కూడా చెప్పాడు: పెట్రోలు వాసన కాసేపటికి తెలియకుండా పోతుంది, అప్పుడు అపాయం పోయిందనుకోకూడదు, ముక్కు మొద్దుబారిందనుకోవాలి. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నేను డిపోకు మల్లెలు పెట్టుకోలేదు. మా వాళ్లు నన్ను కనకాంబరం అనే పిలుస్తారు.

దేవుడంటే ఆయనకు పడదని కొందరు డ్రైవర్లు అనేవాళ్లు. అది అబద్ధం. పొద్దున లారీ ఎక్కగానే దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించడం వాళ్లకు అలవాటు. వెలుగుతున్న ఊదుబత్తితో పెట్రోలు లారీ గేటు దాకా వచ్చేది. వేరేవాళ్లయితే దాన్ని లాగి కాలితో తొక్కేవాళ్లు. ఆయన గేటుకు దూరంగా, డిపో గాలి తక్కువగా వచ్చే వైపు ఒక బండరాయి పాతించి, దానికి బొట్టు పెట్టించి, చిల్లులు పొడిపించాడు. డ్రైవర్లు ఊదుబత్తి వెలిగించేది ఇక అక్కడే, దండం పెట్టుకునేది అక్కడే. తర్వాత చేతులు ఊపుకుంటూ లోపలికి రావాలి. ఇప్పుడు ఆ రాయికి మొక్కకుండా లారీ కదిలించే డ్రైవరు లేడు. అదేం దేవుడో వాళ్లకే తెలియాలి.

నెలకోసారి సైరన్ మోగించి డ్రిల్లు పెట్టేవాడు. అందరం పనులు వదిలి కానుగ చెట్టు దగ్గర చేరాలి. పేలిక పుల్లతో ఒక్కొక్కరి భుజం తట్టి తలలు లెక్కపెట్టేవాడు. లెక్క సరిపోయేదాకా కదలనివ్వడు. ఒకసారి ఒక తల తక్కువ వచ్చింది. ఎండలో మాడుతూ నిలబడ్డాం. మూడుసార్లు లెక్కపెట్టాడు, మూడుసార్లూ తక్కువే. చివరికి నేనే అన్నాను, నిన్ను నువ్వు లెక్కపెట్టుకోలేదు కదప్పా అని. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను అందరికన్నా చివర వచ్చేవాణ్ణి, నన్ను లెక్కలోకి తీసుకోవద్దన్నాడు. ఆ మాట ఆ రోజు నాకూ నవ్వులాటగానే అనిపించింది.

ఇక నా సంగతి చెప్పాలి, లేకపోతే ఆయన సంగతి పూర్తికాదు. మా పాపకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. చిక్కబళ్ళాపురం జిల్లాస్పత్రిలో చూపించాం, మురుగమల్ల దర్గాకు తీసుకుపోయాం, ఎవరు ఏం చెబితే అది చేశాం. మా అత్త ఊరి గంగమ్మకు మొక్కింది. అయిదేళ్లు జాతరకు నేను తంబిట్టు దీపం మోయాలని, దారిలో ఎక్కడా దీపం ఆరకుండా గుడికి చేర్చాలని. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, నడుమ గుంటలో నెయ్యి పోసి వత్తి వెలిగిస్తాం. దాన్ని పూలతో కట్టిన పళ్లెంలో పెట్టి, నెత్తిన పెట్టుకుని, డప్పుల వెంట నడిచిపోవాలి. మూడో ఏడు మోసిన తర్వాత పాపకు ఫిట్స్ ఆగిపోయాయి. అది మాత్రల వల్లనా, గంగమ్మ వల్లనా అని నేను తేల్చుకోలేదు. ఆయన్ని అడిగితే, "మొక్కు మొక్కే, మాత్ర మాత్రే. రెండిట్లో ఏదీ ఇడవాకు" అన్నాడు.

అయిదో ఏడు జాతర వచ్చింది. ముందురోజు గట్టిగా వాన కురిసింది. పొద్దున డిపోలో ట్యాంకుల చుట్టూ కట్టలోపల నీళ్లు నిలిచాయి. ట్యాంకు పగిలినా పొర్లినా పెట్రోలు బయటికి పోకుండా ఆపడానికే ఆ కట్ట. వాన నీళ్లు తీసేయడానికి దానికొక వాల్వు ఉంటుంది. తెరిచినవాడు నీళ్లు పోయేదాకా అక్కడే నిలబడి మూసి రావాలి. ఆ పని ఆయన ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు.

అదే వేళకు మా ఊరి పెద్దలు నలుగురు ఆకువక్క, కుంకుమ పట్టుకుని గేటుకు వచ్చారు. దీపాలు డిపో గోడ పక్క రోడ్డు మీదుగానే గుడికి పోతాయి కాబట్టి, ఏటా జాతర నాడు ఆయన్ని పిలవడం మర్యాద. మా మామ కూడా వాళ్లలో ఉన్నాడు. నేను మైకు తీసుకుని, పెద్దలు వచ్చారు రమ్మని పిలిచాను. రాలేదు. రెండోసారి పిలిచాను. మూడోసారి కాస్త గట్టిగానే, తాంబూలం వాకిట్లో నిలబెట్టకూడదప్పా అన్నాను. ఆయన గబగబా వచ్చి, చేతులు కడుక్కుని, రెండు చేతులా తాంబూలం అందుకున్నాడు. పెద్దలతో నిలబడి మాట్లాడాడు. తర్వాత లారీలు మొదలయ్యాయి. నేను అరపూట సెలవు పెట్టి ఇంటికి పోయాను.

ఎండ తగ్గుముఖం పట్టాక దీపాలు బయలుదేరాయి. నలభైమందిమి ఉంటాం. డప్పులు, సాంబ్రాణి పొగ, ముందు దివిటీ పట్టుకున్నవాడు. డిపోలో సైరన్ మోగిందట, మాకు డప్పుల్లో వినపడలేదు. విన్నవాళ్లు కూడా నెలనెలా మోగేదే కదా అనుకున్నారు. గోడ మలుపు ఇంకో ఫర్లాంగు ఉందనగా ఆయన ఎదురు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒక కాలికి బూటు లేదు. చేతిలో పేలిక పుల్ల మాత్రం ఉంది. డప్పులవాళ్లకు అడ్డం నిలబడి చేతులు చాచాడు.

"అమ్మా, ట్యాంకు పొర్లి పెట్రోలు మోరీలోకి వచ్చేసింది. నేల గాలి మీ దిక్కే వస్తాండాది. దీపాలు కొండెక్కించండి. ఈడనే, ఇప్పుడే."

ఆయన చెప్పింది అర్థమై దివిటీవాడు దివిటీని వెంటనే బురదలో గుచ్చాడు. ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. మా అత్త ముందుకు వచ్చింది.

"గంగమ్మ దీపం నడిదోవలో కొండెక్కిస్తారా యాడన్నా? నీ డిపో సంగతి నువ్వు సూసుకోపో అప్పా" అంది.

మాకు వాసన కూడా రాలేదు. సాంబ్రాణి, నెయ్యి, పూలు, ఇన్ని వాసనల్లో ఏం తెలుస్తుంది? వెనక్కి తిరిగి పోదామని ఎవరో అన్నారు. అంత టైము లేదు, మోరీ కాలువ రోడ్డు పక్కనే మా వెనక్కి కూడా పారుతోంది. ఆయన మా అత్తతో వాదించలేదు. వరసలో నన్ను వెతుక్కుని, నా ముఖంలోకి చూసి, "నీకు తెలుసు కదమ్మా" అన్నాడు. అంతే.

నాకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేదో. నెత్తి మీద అయిదో ఏటి దీపం ఉంది, ఇంకో ఫర్లాంగున్నర పోతే నా బిడ్డ మొక్కు తీరిపోతుంది. పాప నా కొంగు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. పళ్లెం దించాను. దీపాన్ని నోటితో ఊదకూడదు, పువ్వుతో అదమాలి. తలలోంచి కనకాంబరాలు తీసి వత్తి మీద అదిమాను. చుయ్యిమని చిన్న చప్పుడు వచ్చింది. నా ఏడుపు నేను ఏడుస్తూనే పక్కామె దీపం కూడా అదే పూలతో అదిమాను. తర్వాత ఒక్కొక్కరూ తలలో పూలు తీశారు. మా అత్త దీపం అందరికన్నా చివర కొండెక్కింది. ఆమె నా వైపు చూడలేదు.

మోరీ గాలి రాని వైపు స్కూలు మైదానం ఉంది. అక్కడికి పోయి కూర్చోమని చెప్పి ఆయన వెనక్కి పరిగెత్తాడు. మోరీకి ఇసుకమూటలు వేశారు, పారిన పెట్రోలు మీద సబ్బు నురగలాంటి ఫోము కప్పారు, రోడ్డు రెండు వైపులా బండ్లు ఆపారు, బాగేపల్లి నుంచి ఫైరింజను వచ్చింది. మంట లేవలేదు. ఒక్క నిప్పురవ్వ పుట్టలేదు.

పొద్దు వాలుతుండగా ఆయన మైదానానికి వచ్చాడు. గేటు గూట్లోంచి ఎవరో డ్రైవరు అగ్గిపెట్టె తెచ్చాడు. ఆవిరి మీటరు పెట్టి చూశాం, ఇప్పుడు వెలిగించుకోవచ్చు, నన్ను మన్నించండి అన్నాడు. నా దీపం తనే వెలిగిస్తానని పుల్ల గీశాడు. విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది తల ఊడింది. అగ్గిపుల్లను పాము పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అంతమంది ఏడుపు ముఖాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మా అత్త పెట్టె లాక్కుని, కొండెక్కిన దీపం మళ్లీ పనికిరాదని చెప్పి, నా తంబిట్టు తీసుకుపోయి ఆవుకు పెట్టేసింది.

ఊరు తర్వాత ఏమందో వినండి. ఏమైంది? ఏమీ కాలేదు. ఒక్క గడ్డిపోచ కాలలేదు, ఊరికే దీపాలు ఆర్పించినాడు. కాలి ఉంటే ఆ మాట అనడానికి నోరు మిగిలేది కాదు, కానీ అలా ఎవరు ఆలోచిస్తారు? నేనూ ఆలోచించలేదు. పది రోజుల తర్వాత పాపకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి.

మర్నాడు పొద్దున గేటులో ఆయన గాలి సంగతి అడిగేలోపలే విరుచుకుపడ్డాను. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు, ఆ రోజు అది నిజం. "నా దీపం ఆర్పించినావు. నా బిడ్డకు మళ్లా వచ్చె. నీ ఆవిరి నా కంటికి యాడా కనపడలేదు. నా బిడ్డ కొట్టుకునేది కనపడింది" అన్నాను. లారీ డ్రైవర్లు వింటున్నారు. ఆయన తల వంచుకుని విన్నాడు.

"ఆ మాట నా మిందే ఏసుకుంటానమ్మా. నాకింకో దోవ కనపడలేదు" అన్నాడు.

ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ వచ్చి, గాలి సంగతి మానేసి, పాప ఎట్లుందని అడిగేవాడు. నేను జవాబు చెప్పకుండా రిజిస్టరు తోసేదాన్ని. సంతకం పెట్టి వెళ్లిపోయేవాడు. ఆ మధ్యలోనే విచారణ జరిగింది. లారీలు దించేటప్పుడు ట్యాంకులోంచి పొర్లిన పెట్రోలు, మూయని వాల్వులోంచి మోరీలోకి పోయిందని తేలింది. వాల్వు తెరిచి మరిచిపోయింది తానేనని ఆయన రాసిచ్చాడు. సూపర్వైజరు కుర్చీ తీసేసి, మంటలార్పే నీళ్ల గొట్టాల దగ్గర డ్యూటీ వేశారు. తగిన శాస్తి అని నేను లోపల్లోపల అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

ఒక రోజు మా పంపు ఆపరేటరు టీ తాగుతూ యథాలాపంగా అన్నాడు. "ఆ పొద్దు నువ్వు మైకులో మూడుసార్లు పిలిస్తే కదమ్మా ఆయప్ప వాల్వు కాడ్నించి పరిగెత్తింది. విచారణలో ఎవరు పిలిచినారని గుచ్చి గుచ్చి అడిగినారు. ఎవరూ పిలవలేదు, నేనే మర్చిపోతి అనె. నేను పక్కనే ఉంటిని."

పిలిచింది నేను. నిలబెట్టకూడదని గద్దించింది నేను. ఆ తాంబూలం మా మామ చేతిలోది. ఏడాదిగా నేను తిడుతున్న మనిషి, ఆ ఒక్క మాట చెబితే నా నోరు మూతబడుతుందని తెలిసి కూడా చెప్పలేదు. నీళ్ల గొట్టాల దగ్గరికి వెళ్లాను. ఎందుకు చెప్పలేదప్పా అన్నాను.

"పిలవడం తప్పు కాదు కదమ్మా. తాంబూలం నిలబెట్టగూడదు, నిజమే. వాల్వు మూసి రావాల్సింది నేను" అన్నాడు. తర్వాత, పాప ఎట్లుందని అడిగాడు. మాత్ర మార్చారు, ఇప్పుడు బాగుందని చెప్పాను. ఏడాది తర్వాత ఆయనకు నేను ఇచ్చిన మొదటి జవాబు అది. ఆయన తల ఊపి, గాలి ఎటుండాదని అడిగాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పటికే ఆయన మెడలో ఒక కొత్త నగ ఉండేది. కుర్చీ పోయినా వాన నీళ్లు వదిలే పని ఆయనదే; వాల్వు తెరిచినప్పుడల్లా దాని తాళం దారానికి కట్టి మెడలో వేసుకునేవాడు, మూశాకే తీసేవాడు. తాళిబొట్టు కట్టుకున్నావా అప్పా అని కుర్రాళ్లు ఏడిపించేవాళ్లు. ఎవరు పిలిచినా ఆ తాళం గుండెకు తగులుతుంది కదా, గుర్తొస్తుంది అనేవాడు. ఇప్పుడు డిపోలో ఆ పని ఎవరు చేసినా తాళం మెడలో వేసుకునే చేస్తారు.

మా అత్త మొక్కు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఆ మొదటి ఏటి జాతరకు ముందు ఆయన మేనేజరు వెంట పడి, దీపాలు పోయేంతసేపు ఒక్క లారీ పెట్రోలు కూడా దించకూడదని ఒప్పించాడు. దీపాలు మలుపు దగ్గరికి వచ్చేసరికి మోరీ పక్కనున్న ఒక రాయి దగ్గర కూర్చుని, పేలికను నేలకు జానెడు ఎత్తులో పట్టుకుని ఉన్నాడు. లేచి చేయి ఎత్తాడు, మేము కదిలాం. మా అత్త ముఖం తిప్పుకుంది. రెండో ఏడూ అంతే. మూడో ఏడు ఆయన రిటైరయ్యాడు, అయినా బాగేపల్లి నుంచి బస్సెక్కి వచ్చి ఆ రాయి దగ్గర కూర్చున్నాడు. నాలుగో ఏడు దగ్గుతూ వచ్చాడు. గుడికి రమ్మంటే, నా పని ఈడికే అయిపోయిందమ్మా అని బస్సుకు పోయాడు.

ఈ ఏడు అయిదోది. డ్రైవరు ఆ మాట చెప్పిన మూడు వారాలకు జాతర వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే దీపం మోయలేనేమోనని భయం. నెత్తిన దీపం పెట్టుకుని, డప్పుల వెనక నడిచాను. పాప ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది, పక్కనే నడుస్తోంది. మలుపు వచ్చింది. రాయి ఉంది, దాని పక్కన ఎవరూ లేరు.

ఎవరూ ఆగమని చెప్పలేదు. ముందున్న డప్పులవాళ్లే ఆగారు. నలభై దీపాలూ ఆగాయి. అందరూ ఖాళీ రాయి వైపు చూస్తున్నారు. మా అత్త కూడా చూసింది. నన్ను అడగబోయి, నా ముఖం చూసి, అడగకుండానే తెలుసుకుంది. తర్వాత ఆమే అంది.

"గాలి ఎటుండాదో సూడమ్మా."

నేను నెత్తిన దీపంతో వంగలేను. పాప తన జడకున్న ఎర్ర రిబ్బను విప్పింది. మోరీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆయన పట్టుకున్నట్టే నేలకు జానెడు ఎత్తులో పట్టుకుంది. రిబ్బను కొస మెల్లగా గోడ వైపుకు ఊగింది, మాకు దూరంగా.

"అట్ల పోతాండాది అవ్వా. నడ్సండి" అని లేచి చేయి ఎత్తింది.

డప్పులు మొదలయ్యాయి. మా అత్త తన తలలోంచి ఒక పువ్వు తీసి, ఆ రాయి మీద పెట్టి నడిచింది.